మూడో మడిలో తగ్గిన తూకం

ప్రయోగం అనగానే మీకు తెల్లకోటూ గాజు గొట్టాలూ గుర్తొస్తాయేమో. నా ప్రయోగశాలలోకి వెళ్ళాలంటే చెప్పులు గట్టు మీద వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మోకాలి దాకా బురదలో దిగాలి. మా అత్తగారు వీధిలో అందరికీ "మా కోడలు ఆఫీసులో పని చేస్తుందండి" అని గొప్పగా చెప్పుకునేవారు. సాయంత్రం నేను ఎండిన మట్టి కాళ్ళతో బస్సు దిగుతుంటే ఆవిడ ముఖం చూడాలి!

అవి తొంభైల చివరి రోజులు. మండపేట వెళ్ళే దారిలో, కాలువ పక్కన, ఒక చిన్న వరి పరిశోధనా కేంద్రంలో నేను సహాయకురాలిని. పొద్దున్నే ధాన్యం లారీలు మిల్లుల వైపు దుమ్ము రేపుకుంటూ పోతుండేవి. రేపెప్పుడో ఆ లారీలెక్కాల్సిన కొత్త వడ్ల కోసం మేము ఇవతల తంటాలు పడుతుండేవాళ్ళం.

మా పెద్దసారు కొత్త వరి రకాలు పుట్టించే శాస్త్రవేత్త. నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ గొడుగుతో ఉండేవారు. ఎండకి కాదు, గట్టు మీద పాముల కోసం. ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఒకే ఒక రకం మీద పెట్టారు. గాలికి పడిపోని కాడ, కోసేటప్పుడు రాలిపోని గింజ, జానెడు దాటిన కంకి, అన్నీ కుదిరాయి. ఒక్క దోషం మాత్రం ఎంత ప్రయత్నించినా పోలేదు. గింజ కొసన సూదిమొనంత ఊదా చుక్క ఉండేది. "రైతు దీన్ని చూసి కల్తీ విత్తనం అనుకుంటాడమ్మా" అని ఆయన దాన్ని చూసినప్పుడల్లా నొచ్చుకునేవారు.

ఆ ఏటి సార్వా, అంటే వానాకాలపు పంట, ఆ రకానికి ఆఖరి పరీక్ష. అందులో నెగ్గితే రైతుల చేతికి వెళ్తుంది. ఓడితే సంచీలో కట్టి గదిలో పడేస్తారు, అంతే. పెద్దసారు వేసవిలో రిటైరవుతున్నారు. ఆయన తర్వాత దాన్ని ఎత్తుకుని తిరిగేవాళ్ళు ఎవరూ లేరు.

పరీక్ష ఎలా చేస్తామో కాస్త చెప్పాలి, విసుక్కోకండి. ఒక రకాన్ని ఒకచోట వేసి "అబ్బ, బాగా పండింది" అంటే కుదరదు. అక్కడ మట్టి మంచిదేమో, నీళ్ళు ముందు అందాయేమో. అందుకని పోటీలో ఉన్న ప్రతి రకాన్నీ పొలంలో మూడు చోట్ల చిన్న చిన్న మళ్ళుగా వేస్తాం. కోశాక మూడు తూకాలూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ రకాన్ని నమ్మొచ్చు. అచ్చంగా ఒకేలా మాత్రం రావు. వస్తే తూచినవాణ్ణి అనుమానించాలి. మరీ దూరందూరంగా వస్తే రకానికి నిలకడ లేదంటారు.

తూకం విషయంలో పెద్దసారుది ఒకటే మాట. "రెండుసార్లు తూస్తే రెండు బరువులు వచ్చాయండీ, ఏది రాయమంటారు?" అని కొత్తలో అడిగాను. "రెండూ రాయమ్మా. నీకు నచ్చింది రాయడానికి నువ్వేం పెళ్ళికూతురికి చీర ఎంచుతున్నావా?" అన్నారు. అప్పట్నుంచీ రెండూ రాయడమే.

కోతలయ్యాయి. ఒక్కో మడి పంట విడిగా నూర్చి, ఎండబెట్టి, కాటా మీద పెట్టాం. పెద్దసారుకి ఒక అలవాటుండేది. తన రకం తూకానికి వచ్చిందంటే అక్కడ నిలబడలేరు. పురిటిగది బయట మొగుడిలా కాలువ గట్టుకి పోయి, మాకు వీపు పెట్టి నీళ్ళకేసి చూస్తూ నిలబడేవారు.

మొదటి మడిలో ఆయన రకం అన్నిటికంటే ఎక్కువ తూగింది. రెండో మడిలోనూ అదే పైన. నేను లోపల్లోపల గంతులేస్తున్నాను. మూడో మడి సంచి కాటా ఎక్కింది. ముల్లు ఎక్కడో కిందే ఆగిపోయింది. అన్ని రకాల్లోకీ కింద నుంచి మొదటిది అదే!

"ఏమ్మా?" అని కాలువ గట్టు మీద నుంచి కేక.

"మళ్ళీ తూస్తున్నామండీ!" అని అరిచాను. ఎన్నిసార్లు తూస్తే ఏం, పండనిది కాటా మాత్రం ఎక్కడ్నుంచి తెస్తుంది?

నా మొదటి అనుమానం మా మేస్త్రి మీద. పొలం పనులన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. మనిషి బంగారం, చెయ్యి మరీ ఉదారం. ధాన్యం కొలిచే ఇంట్లో పుట్టాడు కాబట్టి ఆయన లెక్కలో "ఒకటి" ఉండదు. "లాభం, రెండు, మూడు" అని ఎంచుతాడు. నేను 'లాభం మడి' అని ఎక్కడ రాసుకోను చెప్పండి! పైగా కాటా పక్కన గింజలు చిందితే, దేవుడి సొత్తు తొక్కకూడదని కళ్ళకద్దుకుని దగ్గర్లో ఉన్న సంచిలో పోసేసేవాడు. అది ఏ మడిదైనా సరే!

"ఏంటండీ ఈ పని? ఆ గింజలు ఏ రకానివి?" అని గయ్యిమన్నాను.

"వడ్లేనండి. నేలపాలు చేస్తే కళ్ళు పోతాయండి" అన్నాడు ఎంతో భక్తిగా.

కాని ఆ పిడికెడు గింజలు ఇంత లోటుకి ఏ మూలకి? కాటా మార్చాం, తేడా లేదు. గింజలో తేమ చూశాం, అన్నిటిలోనూ ఒకటే. మట్టి చూశాం, పక్క మడికీ దీనికీ ఒకటే మట్టి. ఎలుకలు పట్టేవాణ్ణి పిలిపిస్తే, గట్టంతా తిరిగి, "ఇక్కడ కన్నాలు లేవండి, మీ ఆఫీసులో మాత్రం బోల్డు ఉన్నాయండి" అని చెప్పి పోయాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

పెద్దసారుకి తిండి సయించడం మానేసింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. టిఫిను డబ్బా మూత తీసి, అన్నం కెలికి, మళ్ళీ మూత పెట్టేసేవారు. ఒకరోజు మెల్లగా, "రకంలోనే ఏదో లోపం ఉండుంటుందిలే అమ్మా. తల్లిదండ్రులకి పిల్లల లోపాలు కనబడవు కదా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టంలేక కోపం తెచ్చుకున్నాను. నాకది సులువు.

ఆ కోపంతోనే గడ్డివాము దగ్గరకి పోయాను. ప్రతి మడి గడ్డినీ చీటీ కట్టి విడిగా ఉంచడం మా పద్ధతి. మూడో మడి మోపు విప్పి, ఒక్కొక్క పరకా తీసి చూడ్డం మొదలుపెట్టాను. కంకి కాడలు మామూలుగా ఉన్నాయి. వాటి మధ్య మధ్యన తల లేని పరకలు! ఎలుక కొరికితే కాడ మొదలు దగ్గర ఏటవాలుగా కొరుకుతుంది. పిట్ట తింటే గింజ పోయి ఈనె మిగులుతుంది. ఇవి పైనుంచి జానెడు కిందకి, కొడవలితో నున్నగా తెగి ఉన్నాయి. తీరా చూస్తే అలాంటివి గుప్పెళ్ళ కొద్దీ తేలాయి. పక్క రకాల మోపులు కూడా విప్పాను. వాటిలో ఒక్కటీ లేదు.

ఇది మనిషి పని. అది కూడా ఈ ఒక్క రకం మీదే కన్నేసిన మనిషి పని.

మేస్త్రికి చూపిస్తే పళ్ళు పటపట కొరికాడు. "దొంగతనమండి! ఎవడో మన విత్తనం పట్టుకుపోయాడండి!" అని ఎగిరాడు. నాకూ ఒళ్ళు మండిపోయింది. కాని విత్తనం దొంగ అయితే గింజ నూర్చుకుపోతాడు గాని, జానెడు కాడతో సహా కంకిని ఇంత ముద్దుగా ఎందుకు కోస్తాడు? ఆలోచిస్తూ బస్సు కోసం ఊళ్ళోకి నడిచాను.

రామాలయం దగ్గరకొచ్చేసరికి పిచ్చుకల గోల. తలెత్తి చూశాను. మండపం దూలానికి కొత్త ధాన్యపు కుచ్చులు వేలాడుతున్నాయి. మా వైపు కోతల రోజుల్లో మంచి కంకులు ఏరి, జడలా అల్లి, పిచ్చుకలు తినడానికి గుళ్ళోనూ ఇళ్ళ వసారాల్లోనూ కట్టడం అలవాటు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. దగ్గరకెళ్ళి మెడ సాచి చూశాను. ప్రతి గింజ కొసనా ఊదా చుక్క! మా పెద్దసారు ఇన్నేళ్ళ కష్టం దూలానికి వేలాడుతోంది, పిచ్చుకలు దాని మీద ఊయల ఊగుతున్నాయి.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుడి మెట్ల మీద కూలబడి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పూజారిగారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

మర్నాడు మా దగ్గర నారు ఊడ్పులూ కోతలూ చేసే ఆడవాళ్ళ ముఠాని అడిగాను. ముఠా పెద్ద మంచి మాటకారి, దబ్బపండులా ఉండేది. దాచడం లాంటిదేమీ లేదు.

"ఆయ్, మేమేనండి. కంకి కొంచెం పచ్చిగా ఉన్నప్పుడే కోసుకోవాలండి. ఎండితే అల్లేటప్పుడు కాడ విరుగుద్దండి. ఇంటికి పోయే దారిలో ఉందని మూడో మడిలో కోశామండి."

"గట్టు పక్క వరుసల్లో కోసుకోవచ్చు కదా! లోపలికి దూరి మరీ కోశారా?"

"అమ్మో! గట్టు పక్క కంకి ముట్టుకుంటే పనిలోంచి తీసేస్తానని మేస్త్రిగారు చెప్పారు కదండీ. మీరందరూ ఎప్పుడూ గట్టు మీదే నిలబడి చూస్తారు, అవి ఆఫీసువి అనుకున్నామండి. మధ్యలోవి ఎవరూ చూడరు కదాని, ఒకచోట బోసిపోకుండా అక్కడొకటి ఇక్కడొకటి కోశామండి."

ఇదీ సంగతి! గట్టు పక్క వరుసలకి గాలీ వెలుతురూ ఎక్కువ తగిలి బాగా పండుతాయి. అందుకని వాటిని మేం తూకంలో కలపం, ముందే కోసి పక్కన పడేస్తాం. వాళ్ళు అవన్నీ కోసుకుపోయినా మాకు పైసా నష్టం లేదు. మేం తూచేది మధ్యదే. ఆ మధ్యదాన్నే వాళ్ళు మా మీద గౌరవంతో ఖాళీ చేశారు. మేస్త్రి తల గోక్కుంటూ కాటా చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

తేలిందిగా అని సంబరపడకండి. అసలు చిక్కు అప్పుడే మొదలైంది. ఆ వారమే పై ఆఫీసు నుంచి తూకాలు పరిశీలించడానికి లెక్కలసారు వస్తున్నారు. ఆయన పేరు చెబితే కేంద్రాలన్నీ వణికేవి. తీర్పు చెప్పాల్సిన చోట మంచినీళ్ళు కూడా ముట్టరు, మొహమాటం వస్తుందని. బిస్కెట్ల పొట్లం, నీళ్ళ సీసా సంచిలో తెచ్చుకుంటారు.

మేస్త్రి నన్ను పక్కకి పిలిచాడు. "మేడంగారూ, ఎలాగూ పోయిన కంకులు మనవే కదండీ. ఎంత పోయిందో అంత కలిపేసి సర్దేద్దామండి. అబద్ధం కాదు కదండీ."

నిజం చెప్తాను, ఆ మాట నాకు తియ్యగానే ఉంది. పెద్దసారుకి చెబితే ఆయన గొడుగు నేలకి తాటించి, "ఎంత పోయింది?" అన్నారు. "తెలియదండీ" అన్నాను. "తెలియనిదాన్ని ఎలా కలుపుతారు? కలిపాక నా రకం నెగ్గితే, అది నెగ్గిందో మేస్త్రి చెయ్యి నెగ్గిందో నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

లెక్కలసారు వచ్చారు. పొట్టిగా, నున్నటి బట్టతల, ముక్కు చివర కళ్ళజోడు. అంకెలు చూడగానే మూడో మడి దగ్గర వేలు ఆపారు.

"ఇదేంటండి?"

"పిచ్చుకలండి" అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. తల లేని పరకలు చూపించి మొత్తం చెప్పాను. ఆయన లేచి, "ఆ గుడెక్కడ?" అన్నారు. అందరం బయల్దేరాం. ముందు ఆయన, వెనక గొడుగుతో పెద్దసారు, తర్వాత నేను, ఆ వెనక పిలవకుండానే ముఠా మొత్తం. ఊరు ఊరంతా ఎవరికో పెళ్ళిచూపులనుకుంది.

మండపంలో లెక్కలసారు తలెత్తి చూశారు. ఒక పిచ్చుక ఆయన బట్టతల మీద ఊక రాల్చింది.

"ఇందులో ఇప్పటికి ఇవి తిన్నదెంత?"

"తెలియదండి."

"అయితే ఇది తూచి ఏం లాభం?" అని ముఠా పెద్ద వైపు తిరిగారు. "అక్కడ అన్ని రకాలున్నాయి కదమ్మా. దీన్నే ఎందుకు కోశారు?"

పెద్దసారు గొడుగు పట్టుకుని ఒక అడుగు ముందుకొచ్చారు. ఆవిడ కంకి పొడుగని చెప్పాలి, గింజ రాలదని చెప్పాలి. జీవితమంతా దానికోసమే కదా ఆయన కష్టపడింది!

ఆవిడ సిగ్గుపడిపోయింది. "చూడ్డానికి బావుందండి. ఆ చుక్క చూడండి, గింజకి ముక్కుపుడక పెట్టినట్టు లేదండీ?"

పెద్దసారు ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. ఆ చుక్కని పోగొట్టడానికే కదా ఆయన జుట్టు తెల్లబడింది! మరుక్షణం నవ్వడం మొదలుపెట్టారు. గొడుగు మీద వాలిపోయి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వారు. లెక్కలసారు పెదవులు బిగపట్టి ఆపుకోవాలని చూశారు గాని, ఆయన పొట్ట ఆగలేదు.

ఆఫీసుకి తిరిగొచ్చాక ఆయన తీర్పు చెప్పారు. "ఆ మూడో మడి లేదనే అనుకుంటాను. మిగిలిన రెండింటితో దీన్ని పైకి పంపలేను. చెడ్డదని పారెయ్యనూ లేను. వచ్చే పంటకి, దాళ్వాలో, మళ్ళీ వెయ్యండి." సంతకం పెట్టి, కలం జేబులో పెట్టుకుని, "ఇప్పుడు టీ ఇప్పించండి" అన్నారు. మా కేంద్రంలో ఆయన టీ తాగారన్న సంగతి జిల్లా అంతా పాకింది.

మేస్త్రి ముఠాని మార్చేస్తానని ఊగిపోతుంటే పెద్దసారు, "మార్చు. ఊడ్పుకి నువ్వూ నేనూ వంగుదాం" అన్నారు. అంతటితో ఆ మాట ఆగిపోయింది. దాళ్వా వేసేటప్పుడు పొలం పటంలో ఆయన ఒక కొత్త గీత గీశారు. గట్టు దారి వెంట, తూకంలో కలవని పొడుగాటి వరుస. "ఇది పిచ్చుకల వాటా. ఇందులో ఎంత కావాలన్నా కోసుకోండి. లోపల మాత్రం దేవుడడిగినా ఇవ్వకండి" అని ముఠాకి చెప్పారు. వాళ్ళు చంకలు గుద్దుకున్నారు. ఆ ఊడ్పంత ముచ్చటైన ఊడ్పు నేను మళ్ళీ చూడలేదు, ఒక్క కుదురు వంకర పోతే ఒట్టు.

ఎండలు ముదిరాక తూకం రోజు వచ్చింది. పెద్దసారు మామూలుగానే కాలువ గట్టుకి పోయి వీపు పెట్టి నిలబడ్డారు. మేస్త్రి చిందిన గింజల జోలికి పోకుండా రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు, పాపం. మొదటి సంచి, రెండో సంచి. మూడోది ఎక్కేటప్పుడు ముఠా ఆడవాళ్ళు కాటా చుట్టూ గుమిగూడారు. ముల్లు ఊగి ఊగి నిలబడింది.

"సార్! మూడూ దగ్గర దగ్గరేనండీ! మూడు చోట్లా మనదే పైనండీ!" అని గొంతు చించుకున్నాను. గొడుగు వదిలేసి, ఒక చెప్పు గట్టు మీదే పోగొట్టుకుని పరిగెత్తుకొచ్చారాయన. వచ్చి, "రెండోసారి తూచావా?" అన్నారు. తూచాను. కొంచెం తేడా వచ్చింది. రెండూ రాశాను.

ఆయన రిటైరయ్యే రోజుకి రకం పైకి వెళ్ళినట్టు కబురందింది. తర్వాత రైతుల్లో దానికి ఆఫీసు పెట్టిన నంబరు పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు, ముక్కుపుడక వడ్లు అన్నారు. సన్మానానికి దండలొచ్చాయి, శాలువాలొచ్చాయి. ముఠా పెద్ద తెచ్చింది మాత్రం పిచ్చుకల వాటాలోంచి అల్లిన పెద్ద కుచ్చు. దాన్ని అందుకుని ఆయన, సభ పక్కనే వేలాడుతున్న కొక్కెం కాటా చూపించి, "కాటాకి తగిలించమ్మా" అని నా చేతికిచ్చారు. ఎండాకాలం గాలికి కుచ్చు ఊగుతోంది, దాంతోపాటు ముల్లూ ఊగుతోంది.

"ఎంతమ్మా?"

"ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చూపిస్తోందండి. రెండూ రాస్తానండి" అన్నాను. సభంతా నవ్వింది. ఆయన శాలువాతో కళ్ళు తుడుచుకున్నారు.

కొన్నాళ్ళకి వాళ్ళింటికి వెళ్ళాను. వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. నెత్తి మీద చూరుకి కుచ్చు వేలాడుతోంది. గింజ అన్నది లేదు, ఉత్త ఈనెలే. రెండు పిచ్చుకలు ఇంకా ఆశ చావక దాన్ని పట్టుకుని ఊగుతున్నాయి. పక్కన బల్ల మీద చిన్న కాటా చూసి నాకు నవ్వాగలేదు.

"రోజూ తూస్తున్నారా ఏంటండీ?"

"తూచానమ్మా. ఇప్పుడు వడ్ల తూకం సున్నాకి వచ్చింది" అన్నారు, కళ్ళు మెరుస్తూ. "ఎన్నిసార్లు తూచినా ఇక తేడా రాదు. దీన్ని మాత్రం ఒక్కసారే రాసుకో."